సిద్ధమ్మ వడియాలు, సుబేదారు రాడారు

పోయినవారం మనం చౌడేశ్వరిని వంటింటి గడప మీద వదిలిపెట్టి వచ్చాం. ఎడమచేతిలో సంగటి తెడ్డు, కుడిచేతిలో ఎర్రముద్ర కాగితం. ఆమె ఇంకా అక్కడే ఉంది. తెడ్డు కూడా దించలేదు.

సరిహద్దులో యుద్ధం మొదలై ఆ గురువారానికి పదమూడు రోజులు. ధర్మవరం స్టేషన్ మీదుగా మిలట్రీ సామాన్ల రైళ్లు రేయింబగళ్లు పోతున్నాయి కాబట్టి, స్టేషన్ పైనున్న ఆకాశానికి కాపలా పెట్టాలని పైవాళ్లు అనుకున్నారు. ఆకాశానికి కాపలా కాయాలంటే ఎత్తయిన మిద్దె కావాలి. స్టేషన్ పక్క నేతగాళ్ల వీధిలో అందరికంటే ఎత్తయిన మిద్దె చౌడేశ్వరి మొగుడు జయరాముడిది. అలా ఆరుగురు సిపాయిలు, ఒక రాడారు, పన్నెండు బూట్లు ఆ ఇంటికి చేరాయి. వాళ్లకు పెద్ద సుబేదార్ తిమ్మప్ప. ఊరు దావణగెరె, మాట సగం కన్నడం, సగం తెలుగు, కోపమొస్తే హిందీ. చౌడేశ్వరి పుట్టిల్లు హిందూపురం గనుక ఆయన ఏ సగంలో మాట్లాడినా ఆమెకు పూర్తిగా అర్థమయ్యేది. జయరాముడి తల్లి సిద్ధమ్మవ్వకైతే ఆయన మొదటిరోజే నచ్చాడు. "మనమంతా దారం మీద బతికేవాళ్లం. ఈయప్ప సుబే'దారు'. మనోడే!" అని తీర్మానం చేసేసింది.

వచ్చిన రోజే సుబేదారు మిద్దెమీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. మెట్లగది వైపు సైన్యానికి, నీళ్ల ట్యాంకు వైపు ఇంటివాళ్లకు. చౌడేశ్వరి 'సరి' అంది, ఆయన 'హద్దు' అన్నాడు. ఎక్కడో ఉందనుకున్న సరిహద్దు ఆ పూట మిద్దెమీదే తేలింది.

ఆ తర్వాత అంతా కలిసిపోయారు. స్నానాల గది ముందు వరసలో సిపాయిలూ నిలబడ్డారు, జయరాముడూ నిలబడ్డాడు. రాడారు ముందు కూర్చునే హవల్దార్ రాథోడ్ రొట్టెల దేశపు మనిషి. మొదటిరోజు సంగటిముద్దను చూసి ఫిరంగిగుండు అనుకున్నాడు, మూడోరోజుకు ఊరిబిండి పచ్చడి వేసుకుని రెండు ముద్దలు మింగడం నేర్చాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత బరువు ఎప్పుడూ మోయలేదన్నాడు.

ఇక ఆ కాగితం సంగతి. రాడారు తెరమీద ఒక చుక్క చేరింది. నాలుగు రోజులుగా సరిగ్గా ఈ ఇంటి నెత్తిమీదే తిరుగుతోంది. కంటికి కనపడదు, చెవికి వినపడదు, తెరమీద మాత్రం గిరికీలు కొడుతుంది. రెండుసార్లు ఊరంతా సైరన్ మోగించారు. రెండుసార్లూ వీధిలోవాళ్లు మగ్గాల కింద, కాళ్లు పెట్టుకునే గుంతల్లోకి దూరారు. పైనుంచి ఏమీ పడలేదు, కంగారులో గుంత అంచున కాలుజారిన జయరాముడు తప్ప. మూడోసారి నిజంగానే పడితే? అందుకని పెనుకొండలో మకాం వేసిన మేజర్ గారు కాగితం పంపించారు. ఆ సాయంత్రం అయిదు గంటలకు లారీ వస్తుంది. ఇంటివాళ్లంతా ఇంటికి తాళం వేసి బత్తలపల్లి స్కూలుకు పోవాలి. ఎన్నాళ్లకో రాయలేదు.

ఖాళీ చేయమన్న కాగితం చదివి చౌడేశ్వరి కాళి అయింది.

సరిగ్గా అప్పుడు జయరాముడు వీధి వాకిట్లోంచి లోపలికి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. పొట్లంలోంచి ఇత్తడి మెరుపు.

"ఏంది అది?"

"తాళం," అన్నాడు జయరాముడు, తాళం కూడా వినకూడదన్నంత మెల్లగా.

"మన ఇంటికా?"

"మరి ఇల్లు బార్లా తెరిచిపెట్టి పోతామా? రెండు రోజులేలేవే. బత్తలపల్లి ఏమన్నా బర్మానా..."

చౌడేశ్వరి తెడ్డుతో మగ్గాల గది వైపు చూపించింది. "ఆడ మగ్గం మీద ఏముండాదో సూడు. సూసినాక నీ తాళం నాకు చూపీ."

ఏముందో జయరాముడికి చూడకుండానే తెలుసు. మగ్గం మీద ముహూర్తం చీర ఉంది. తాడిమర్రి ఈరన్న కూతురు గంగాదేవిది. ఆ పిల్ల స్వయంగా వచ్చి మామిడిపండు రంగు ఒళ్లు, చిలకపచ్చ అంచు ఏరుకుంది. తొమ్మిది రోజుల్లో పెళ్లి. చౌడేశ్వరి ఒళ్లంతా నేసేసింది, కొంగు మిగిలింది. జయరాముడు పట్టు తెచ్చి చీరలు అమ్మే మనిషి. ఆ ఇంట్లో మగ్గమెక్కేది చౌడేశ్వరే.

ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. పెళ్లిచీర మగ్గం మీద ఉండగా ఇంటికి తాళం పడకూడదు. ఎవరో ఒకరు ఉండాలి, రోజుకు ఒక్కసారైనా అడ్డదారం వేసే నాడె ఆడాలి. తాళం పడిందా, మగ్గం మీది ఆ పడుగు దారాలన్నీ కోసేయాల్సిందే. తాళం పడిన ఇంట్లోని చీరతో ఆడపిల్ల తాళి కట్టించుకోకూడదని సిద్ధమ్మవ్వ అత్తగారు చెప్పింది, ఆమెకు ఆమె అత్తగారు చెప్పింది. చీర నేసేటప్పుడు మగ్గానికొక తాళం ఉంటుంది, టక టక టక టక. ఈ తాళం ఆగకూడదంటే ఆ తాళం పడకూడదు. కోసేసి మళ్లీ మొదటినుంచి నేద్దామంటే తొమ్మిది రోజులు ఏ మూలకూ చాలవు. మగ్గాన్నే లారీ ఎక్కిద్దామా అంటే, గుంత తవ్వి పాతిన మగ్గం అది. గుంతను లారీ ఎక్కించడం ఇంతవరకూ ఏ సైన్యానికీ చేతకాలేదు.

"అందరం పోవల్లంట, ఒక్కరు కూడా ఉండకూడదంట. సుబేదారు చెప్పినాడు," అన్నాడు జయరాముడు.

"సుబేదారుకు నేను చెప్తా," అని చౌడేశ్వరి తెడ్డుతో సహా మెట్లెక్కింది. జయరాముడు తాళంతో సహా వెనకాల ఎక్కాడు.

మిద్దెమీద తిమ్మప్ప రేకు కుర్చీలో కూర్చుని రిజిస్టరు రాస్తున్నాడు. తెడ్డును చూసి ముందు భోజనం అనుకుని లేచాడు. ముఖం చూశాక భోజనం కాదని తెలిసి మళ్లీ కూర్చున్నాడు.

"తిమ్మప్పన్నా, ఈ కాగితం వెనక్కి తీసుకో."

"నోడమ్మా, అది నాది కాదు. మేజర్ సాబ్‌ది. ఆర్డరొచ్చిందమ్మా."

"నీకు పెనుకొండ ఆర్డరు, నాకు తాడిమర్రి ఆర్డరు. నీ ఆర్డరు పొద్దున వచ్చె. నాది రెండు నెలల ముందే వచ్చె. ఎవరిది ముందు?"

"చీర కోసం ప్రాణం పోగొట్టుకుంటావా? ప్రాణం దొడ్డదా, చీర దొడ్డదా?"

"ప్రాణమే దొడ్డది. నేనేమన్నా తిక్కదాన్నా? నా నెత్తిమీద నిజంగా ఏమన్నా తిరుగుతా ఉంటే నేనే ముందు లారీ ఎక్కుతా. కానీ నాలుగు రోజులుగా తిరుగుతాండాది, ఒక్క రాయి వేసిందా? ఒక్క మాట పలికిందా? నా మొగుడన్నా నాలుగు రోజులకొకసారి పలుకుతాడు. ఏదీ, నాకు చూపీ ఆ చుక్క."

తిమ్మప్ప చూపించకూడదు. కానీ ఇన్ని రోజులుగా ఆమె చేతి సంగటి తిన్న మనిషి. రాథోడ్ వైపు తల ఆడించాడు. రాథోడ్ రాడారు తెరను ఆమె వైపు తిప్పాడు. నల్లటి తెర, పచ్చటి గీతలు, మధ్యలో ఒక చుక్క. కాస్త ఊగుతోంది, కాస్త ఆగుతోంది, మళ్లీ ఊగుతోంది.

"ఇది ఈ పొద్దు ఎన్ని గంటలకొచ్చె?"

రాథోడ్ రిజిస్టరు చూసి వేళ్లు చూపించాడు. తొమ్మిది.

"నిన్న?"

తొమ్మిదే. అయిదు నిమిషాలు అటూఇటూ.

"పోయేది?"

సాయంత్రం అయిదు. మొన్నా అయిదే. రాత్రిళ్లు రాదు.

చౌడేశ్వరి తెడ్డు నడుముకు ఆనించుకుంది. "తొమ్మిదికొచ్చి అయిదుకు పోతాదా? ఇది శత్రువా, తాలూకాఫీసు గుమాస్తానా?"

తిమ్మప్ప ఆ మాటను హిందీలో పెట్టాడు. రాథోడ్ నవ్వు ఒక భాష దాటుకుని ఆలస్యంగా వచ్చింది. చౌడేశ్వరి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఈ ఇంట్లో తొమ్మిదింటికి మిద్దె ఎక్కి, అయిదింటికి దిగే మనిషి ఒకరున్నారు.

ఆమె సుద్దగీత దాటి నీళ్ల ట్యాంకు వెనక్కి నడిచింది. ట్యాంకు నీడలో సిద్ధమ్మవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఆకు నములుతోంది. ఎదురుగా నులకమంచం, మంచం మీద తడిపంచె, పంచె మీద వరసలు వరసలుగా వడియాలు, ఎండలో చిటపటమంటూ. మంచానికి పైన, బట్టలారేసే తీగెకు, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరీ కుచ్చులు. ఇరవయ్యో ముప్పయ్యో. తెగిన జరీ, చిక్కుపడిన జరీ, నేతకు పనికిరాదని ఏళ్ల తరబడి సంచిలో మూటకట్టి పెట్టిన జరీ. గాలి తగిలినప్పుడల్లా అంతా ఒక్కసారి లేచి తళతళమని ఊగి, మళ్లీ వాలుతోంది.

కాస్త ఊగుతోంది, కాస్త ఆగుతోంది, మళ్లీ ఊగుతోంది.

"అత్తా," అంది చౌడేశ్వరి, "ఇది ఎవరు కట్టింది?"

"నేనే. రోజూ పొద్దున కడతా, దిగేటప్పుడు విప్పుకపోతా. కాకులు వడియాలు ఎత్తకపోతాంటే ఏం జెయ్యల్ల? ఇది కట్టినాక ఒక్క కాకి వాలితే నన్నడుగు. ఆ సిపాయి అప్పలు ఆ డబ్బా పెట్టుకుని రాడా, రాడా అని ఎదురు జూస్తాండారే, అది ఒక్క కాకినైనా తోలిందా? నాది సూడు!"

"వాళ్లు జూస్తాండేది నీదే అత్తా," అంది చౌడేశ్వరి.

వెనకాలే వచ్చిన జయరాముడికి విషయం అర్థమైంది. చౌడేశ్వరి చెవి దగ్గరకు వచ్చి గుసగుసలాడాడు. "ఎవరికీ చెప్పొద్దు. నేను విప్పేసి మూట గట్టేస్తా. చుక్క పోతాది, అంతే. రెండుసార్లు ఊరంతా సైరన్ కొట్టించింది మన అమ్మ అని తెలిస్తే కేసు పెడతారు. వీధిలో తలెత్తుకోలేం."

"చుక్క పోతాది. కాగితం పోతాదా?"

జయరాముడు చేతిలోని తాళం వైపు చూసుకున్నాడు.

"చుక్క ఎందుకొచ్చిందో తెలవకుండా పోతే, మళ్లా ఎప్పుడొస్తాదో అని ఇంకా భయపడతారు. లారీ అయిదుకు రానే వస్తాది. చెప్పకుంటే తాళం పడతాది. చెప్తే తల వంగుతాది. వంగిన తల మళ్లా లేపుకోవచ్చు, కోసిన పడుగు అతుకుతావా నువ్వు?" అని, జవాబు కోసం ఆగకుండా ట్యాంకు పక్కనుంచి తల బయటపెట్టి, వీధి చివరిదాకా వినపడే గొంతుతో పిలిచింది. "తిమ్మప్పన్నా! ఇట్ల రా. నీ శత్రువును పట్టుకున్నా!"

సుబేదారు పరుగెత్తుకొచ్చాడు. తుపాకులతో ఇద్దరు సిపాయిలు వచ్చారు. వాళ్లకు ఎదురుగా ఒక నులకమంచం, ఒక ముసలమ్మ.

"యాడ?"

చౌడేశ్వరి తెడ్డుతో తీగె చూపించింది.

తిమ్మప్ప ముందు నమ్మలేదు. "దారమమ్మా ఇది!"

"దారమే. పట్టుదారం చుట్టూ వెండిపూత రాగి. నీ డబ్బాకు గాల్లో కదిలే లోహం కనపడితే చుక్క పెడతాదని నువ్వే గదా చెప్పినావు, ఇంటికి వచ్చిన రెండోరోజు, ఊరిబిండి అడుగుతా? మీకు మాకు మధ్య ఈ నల్ల ట్యాంకు అడ్డం. ప్లాస్టిక్కు నీ కంటికి అడ్డం గానీ దాని కంటికి అడ్డమేనా?"

తిమ్మప్ప ట్యాంకు వైపు చూశాడు. రాడారు వైపు చూశాడు. మెల్లగా టోపీ తీశాడు.

"నమ్మకుంటే పందెం. రాథోడ్‌ను తెర ముందు కూర్చోమను."

కుచ్చులన్నీ విప్పి చౌడేశ్వరి ఊగకుండా కొంగులో మూటగట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పక్క నుంచి రాథోడ్ అరిచాడు. చుక్క పోయింది. ఆమె రెండు గుప్పిళ్ల నిండా జరీ తీసుకుని లేచి, చేతులు పైకెత్తి ఊపింది. చుక్క వచ్చింది. కుడికి నడిచింది. "రైట్!" అని రాథోడ్. ఎడమకు నడిచింది. "లెఫ్ట్!" మంచం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తెరమీద శత్రువు గిరగిరా తిరిగాడు. చౌడేశ్వరికి ఉత్సాహం వచ్చి కాస్త ఎగిరింది కూడా. నలభై ఆరేళ్ల జీవితంలో ఆమె చెప్పినట్టల్లా ఆడిన మొదటి మగాడు ఆ చుక్కే.

తిమ్మప్పకు మాత్రం నవ్వు రాలేదు. ముఖం ఎర్రబడింది. నాలుగు రోజులు. రెండు సైరన్లు. స్టేషన్‌లో రైళ్లు నిలబడ్డాయి, ఆస్పత్రిలో రోగుల్ని కిందికి దించారు. అన్నిటికీ కారణం పెసరపప్పంత కూడా భయం లేకుండా ఆకు నములుతూ కూర్చుని ఉంది.

"అజ్జీ!" అని అరిచాడు. పక్కింటి మిద్దెమీద బట్టలు ఆరేస్తున్న మనిషి బట్టలతో సహా కూర్చుండిపోయింది. "ఏం పని అజ్జీ ఇది? ఊరంతా సైరన్! మేజర్ సాబ్ నన్ను ఏమంటాడు? మిలట్రీ ఉండే చోట ఇది కట్టచ్చా? అడగకుండా కట్టచ్చా?"

సిద్ధమ్మవ్వ లేచింది. డెబ్బై అయిదేళ్ల మోకాళ్లు గనుక నిదానంగా లేచింది. లేచి, సుద్దగీత దగ్గరకు నడిచి, వేలితో చూపించింది.

"ఈ గీత గీసింది ఎవరప్పా?"

"నేనే."

"అవతల నీది, ఇవతల నాది అంటివి. నేను ఎప్పుడన్నా గీత దాటితినా? నీ డబ్బా ముట్టితినా? నా హద్దులో, నా తీగెకు, నా జరీ కట్టుకుంటి, నా వడియాల కోసం. నీ రాడారు నా హద్దులోకి ఎందుకు తొంగి జూసె? అడగకుండా జూడచ్చా?"

సుబేదారు వంగి తన సుద్దగీతను తానే చూసుకున్నాడు. రాథోడ్ అటు తిరిగి నవ్వాపుకోలేక భుజాలు ఊపుకుంటున్నాడు. ఈసారి ఎవరూ తర్జుమా చేయనక్కర లేకపోయింది.

చౌడేశ్వరి ఇద్దరి మధ్యకు వచ్చింది. "తప్పు మా ఇంటిదే అన్నా. తెలవక జేసిన తప్పు. దాచిపెట్టి మూట గట్టుకోవచ్చు, గట్టుకోలేదు. నీకు చెప్పినా. ఇప్పుడు నువ్వూ మీ మేజర్‌కు చెప్పు. ఉండేది ఉన్నట్టు."

అది చిన్న కోరిక కాదు. తన ఆరుగురు మనుషులు నాలుగు రోజులు జరీ కుచ్చులతో యుద్ధం చేశారని ఒక సుబేదారు తన నోటితో తాను చెప్పాలి. యంత్రం పాడైందని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. కాగితం అలాగే ఉంటుంది, పరువు కూడా అలాగే ఉంటుంది. తిమ్మప్ప చౌడేశ్వరి కొంగులోని జరీ వైపు చూశాడు.

"పేరు రాయాల్సి వస్తాది," అన్నాడు.

"రాయి," అంది సిద్ధమ్మవ్వ. "సిద్ధమ్మ, భర్త లింగప్ప. తప్పు లేకుండా రాయి. నా పేరు పెనుకొండకు పోతాందంటే సరిగా పోవల్ల."

తిమ్మప్ప వైర్‌లెస్ తీసుకున్నాడు. నిలబడి, అటెన్షన్‌లో, హిందీలో చెప్పాడు. 'జరీ' అన్న మాట ఒక్కటే చౌడేశ్వరికి తెలిసింది, అది ఆరుసార్లు వచ్చింది. తర్వాత అవతల నుంచి గరగర. మళ్లీ గరగర. జయరాముడు కళ్లు మూసుకున్నాడు. అప్పుడు ఆ డబ్బాలోంచి ఒక నవ్వు వచ్చింది. పెద్ద ఆఫీసర్ల నవ్వు, ఆపితే ఆగనిది. నవ్వు ఆగాక నాలుగు ముక్కలు. తిమ్మప్ప "జీ సాబ్" అని మూడుసార్లు అన్నాడు.

"లారీ రాదమ్మా," అన్నాడు. ఆమె పక్కన పెట్టిన ఎర్రముద్ర కాగితం తీసుకుని అడ్డంగా చించాడు, నిలువుగా చించాడు. "నువ్వు చీర నెయ్యి. అజ్జీ, నువ్వు కాకుల్ని చేత్తో తోలు."

చౌడేశ్వరి మొగుడి వైపు తిరిగి, "పోయి ఆ తాళం వాపసిచ్చేసి రా. వాపసు తీసుకోకుంటే అంగడోని నోటికే వెయ్యి," అంది. జయరాముడు పదేళ్లు చిన్నవాడై మెట్లు దిగాడు. ఆమె కూడా దిగబోయింది. కింద మగ్గం ఎదురుచూస్తోంది. పొద్దున్నుంచి ఒక్క పోగు పడలేదు.

"ఒక్క నిమిషమమ్మా," అన్నాడు తిమ్మప్ప, రేకు కుర్చీలో కూర్చుని రిజిస్టరు ఒళ్లో పెట్టుకుంటూ. "సరిగా రాసుకుంటా. అజ్జీ, కుచ్చులు కట్టింది ఏ పొద్దు?"

"సోమవారం. ఆ పొద్దే పిండి ఉడికిస్తిమి."

"ఆదివారం కాదు గదా?"

"ఆదివారం నేను మిద్దె ఎక్కలేదప్పా. సోమవారం పొద్దున తొమ్మిదికి ఎక్కితి, అప్పుడు కడితి."

తిమ్మప్ప రాశాడు. సోమవారం, తొమ్మిది. రాసి, అదే చుక్క గురించిన మొదటి నమోదు పక్కన గుర్తు పెట్టడానికి ఒక పేజీ వెనక్కి తిప్పాడు. కలం ఆగింది. ఇంకో పేజీ తిప్పాడు. రాథోడ్‌ను పిలిచాడు. రాథోడ్ వంగి చూశాడు. చూసినవాడు నిటారుగా లేచాడు, ముఖంలోంచి నవ్వు దిగిపోయింది.

"ఏమన్నా?" అంది చౌడేశ్వరి.

"శనివారం," అన్నాడు తిమ్మప్ప. "పదకొండూ ఇరవైకి ఇంకో చుక్క. పెనుకొండ దిక్కు నుంచి రైలుపట్టాల మీదుగానే వచ్చింది. స్టేషన్ మీద నాలుగు నిమిషాలు నిలబడింది. వచ్చినదారినే పోయింది." వేలు ఆ గీత కిందే ఉంది. "సోమవారం నుంచి చుక్క మీ ఇంటిమీద తిరుగుతాంటే, శనివారంది కూడా ఇదే అనుకున్నాం. నాలుగు రోజులు మా కన్నంతా ఈ మిద్దెమీదే పెట్టినాం అమ్మా. మిగతా ఆకాశం ఎవురూ చూడలేదు."

కొంగులోని జరీని చౌడేశ్వరి గట్టిగా పట్టుకుంది. చించిన కాగితం ముక్కలు గాలికి సుద్దగీత దాటి ఇంటివైపు దొర్లాయి. రాథోడ్ అప్పటికే తెర ముందు ఉన్నాడు. తిమ్మప్ప తల పెనుకొండ కొండల వైపు తిరిగింది, చౌడేశ్వరి తలా అటే తిరిగింది. ఎండలో ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది.

సిద్ధమ్మవ్వ ఒక్కతే ఇంకా రిజిస్టరు వైపే చూస్తోంది. నమలడం ఆపింది.

"అయితే శనివారం వచ్చినోడు ఎవుడప్పా?"